కింది లైను

తిరువూరు,
24 జూన్ 1977.

చిరంజీవి తమ్ముడు కృపానందానికి అక్క రిబ్కా దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు గనక చెయ్యి అటే పోయింది. నిజానికి క్షేమం కాదు. నాన్నను తోట కాపలా నుంచి తీసేశారు.

ముప్ఫై అయిదేళ్ళుగా హనుమయ్యగారి మామిడితోట అంటే జకరయ్య, జకరయ్య అంటే ఆ తోట. మనిద్దరం ఎక్కాలు నేర్చుకున్నది కూడా ఆ పాకలోనే కదా. మే నెలాఖరులో హనుమయ్యగారు బెజవాడ వెళ్ళిన రోజున, పట్టపగలు, కాలవ పక్క వరసలో చిన్నరసాల చెట్లు నాలుగు ఖాళీ అయిపోయాయి. బండెడు కాయ. కంచె తెగలేదు, కొమ్మ విరగలేదు. సొంత చెట్టు కోసుకున్నంత తీరుబడిగా కోశారట. ఆ రోజు తోటలో ఉన్నది నాన్న ఒక్కడే.

హనుమయ్యగారు అరవలేదు, తిట్టలేదు. అది ఒప్పుకోవాలి. "జకరయ్యా, నేను తీయలేదు, ఎవరు తీశారో నాకు తెలియదు అని ప్రమాణం చెయ్యి. నాకంతే చాలు" అన్నారట. తమ పద్ధతిలో కర్పూరం ఆర్పినా సరే, మన గుళ్ళో గ్రంథం మీద చెయ్యి పెట్టినా సరే, నీ ఇష్టం అన్నారట. మన వైపు సంగతి నీకు తెలిసిందే, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటను ఇక ఎవరూ తిరిగి అడగరు. నాన్న రెండూ కుదరవన్నాడు. "ప్రభువు ఒట్టు వద్దన్నాడయ్యా" అని తలగుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ పూట నుంచి అరుగు దిగలేదు.

ఊరు ఊరుకుంటుందా? తప్పు చేశాడు గనకే ఒట్టుకు జంకాడంటోంది. బళ్ళో నేను గదిలోకి రాగానే తోటి పంతులమ్మలు మాట మారుస్తున్నారు. ఈ సంగతి నాన్నకి చెప్పలేదు, చెప్పను.

నీ మాటంటే ఆయనకి గురి. ఢిల్లీలో పార్లమెంటు భవనంలో కుర్చీలు తుడుస్తున్నానని నువ్వు నవ్వుతావు గానీ, ఆయన మాత్రం మా వాడు పార్లమెంటులో ఉన్నాడనే చెప్పుకుంటాడు. నాలుగు ముక్కలు రాయి. భోజనం వేళకి తిను.

నీ అక్క,
రిబ్కా

ఢిల్లీ,
2 జూలై 1977.

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం ముందు నుంచి లేచిపోయాను. నాన్న మీద దొంగతనమా? హనుమయ్యగారికి కళ్ళు పోయాయా ఏంటి? నాకు రెక్కలుంటే ఇప్పుడే వచ్చి వాలేవాణ్ణి. కానీ ఇక్కడ సెలవన్న మాట ఎత్తేట్టు లేదు.

ఎందుకో చెబుతాను విను. ఈ నెలాఖరులోపు కొత్త రాష్ట్రపతి ప్రమాణ స్వీకారం. సెంట్రల్ హాలని గుండ్రటి కప్పుతో ఒక పెద్ద హాలుంది, అందులో. తివాచీలు పరిచేది, కుర్చీలు వరస పెట్టేది మేమే. మా సెక్షన్లో సీతారామారావుగారని మన గుడివాడాయన ఉన్నారు. అక్కడేం జరుగుతుందో ఆయన చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. పూజారి ఉండడట. పాస్టరు ఉండడు, ముల్లా ఉండడు. మంత్రం లేదు, ప్రార్థన లేదు, కొబ్బరికాయ కూడా లేదు. దేశంలోకెల్లా పెద్ద జడ్జిగారు ఒక పక్కన నిలబడతారు, ఈయన ఇంకో పక్కన నిలబడతాడు. దేవుని పేరు చెప్పి ప్రమాణం చేసి సంతకం పెడతాడు. ఆ ఒక్క మాటతో మనిషి రాష్ట్రపతి అయిపోతాడు. ఒళ్ళు జలదరించింది అక్కా.

అందుకే నాన్నకి చెప్పు. అంత పెద్దాయనే ఒట్టు వేస్తుంటే మామిడికాయల దగ్గర మనకెందుకు బెట్టు? ఒక్క నిమిషం పని. వేసెయ్యమను, ఊరి నోరు మూతపడుతుంది.

బావకి, పిల్లలకి నా ప్రేమలు.

కృప

తిరువూరు,
9 జూలై 1977.

తమ్ముడూ,

నీ ఉత్తరం నాన్నకి పైకి చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. మొదట నేను చదువుకుని, ఏది దాటెయ్యాలో చూసుకుని చదవాల్సింది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు చేస్తాను ఆ పని, ఇంట్లో మరిచిపోయాను.

పార్లమెంటు సంగతులు చదువుతున్నంతసేపూ మంచానికి నులక బిగిస్తూ తల ఊపుతున్నాడు. "మామిడికాయల దగ్గర మనకెందుకు బెట్టు" దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. "అయితే ఒట్టు లేకపోతే నా కొడుక్కి కూడా నా మాట ఆనదన్నమాట" అన్నాడు. నేను ఏదో సర్దబోయాను. వినలేదు.

గంటసేపటికి, ఎక్కడికో వెళ్ళి వచ్చిన మనిషిలా, "ప్రార్థన లేదని రాశాడా వాడు?" అని అడిగాడు. అవునన్నాను. "కాపలా కర్ర పట్టుకోబోయే ముందు నేనే మోకరిస్తానే. ఇంత దేశం కాపలా పెట్టుకోబోయే మనిషికి ఆ పూట ప్రార్థన చేసేవాడు ఒక్కడూ లేడా?" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిరా. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం. నీ మీద కోపం మరిచిపోయాడో, పక్కన పెట్టాడో తెలియదు. "కృపను చెయ్యమని రాయి. ఆయన నోరు తెరిచే వేళకి వీడు కళ్ళు మూసుకుంటే చాలు. పెద్ద బరువేం కాదు" అన్నాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. చేస్తావో లేదో నీకూ దేవుడికీ తెలియాలి. నువ్వు మాత్రం ఇంకోసారి కాగితం మీద పెట్టేముందు ఆలోచించు.

రిబ్కా

ఢిల్లీ,
17 జూలై 1977.

అక్కా,

తప్పయిపోయింది. నాన్న మాట నమ్మలేదని నేనెక్కడన్నాను? నేను నమ్ముతాను, ఊరు నమ్మదు, ఊరి కోసం వెయ్యమన్నాను. నిజం చెప్పాలంటే నీ కోసం వెయ్యమన్నాను. బళ్ళో నువ్వు గదిలోకి వస్తే పంతులమ్మలు మాట మారుస్తున్నారని రాశావే, అది చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నా చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే బడి మానేసి కూర్చున్నదానివి, నీకు తలవంపులేంటి?

ప్రమాణ స్వీకారం ఇరవై అయిదో తారీకు సోమవారం అంటున్నారు. నిన్న హాలంతా ఖాళీగా ఉన్నప్పుడు తివాచీ దులుపుతూ ఒకసారి తలెత్తి కప్పు వంక చూశాను. గుళ్ళోకి వెళ్ళినట్టుంది, కానీ ఎవరి గుడో తెలియడం లేదు. చెప్పుల్లేకుండానే పని చేస్తాం కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎవరూ చెప్పకుండానే విప్పేసేవాణ్ణి.

ప్రార్థన సంగతి చేస్తానని నాన్నకి చెప్పు. తలుపు దగ్గర నిలబడే పని ఇచ్చారు నాకు.

కృప

తిరువూరు,
23 జూలై 1977.

ఒరేయ్ కృపా,

నిన్ను ఏమనాలో తెలియడం లేదు. బళ్ళో సంగతి నాన్నకి చెప్పలేదని నీకు స్పష్టంగా రాశాను. మళ్ళీ అదే నీ ఉత్తరంలో రాస్తావా? పోస్టుమాన్ అది ఆయన చేతికే ఇచ్చి పోయాడు. నేను బడి నుంచి వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆఖరిదాకా చదివేసి ఉన్నాడు.

"నా వల్ల నీకు తలవంపులని ఒక్కసారన్నా చెప్పలేదేం రిబ్కా?" అన్నాడు. అదేం లేదని అబద్ధమాడాను. ఒట్టు వెయ్యని మనిషి ముందు అబద్ధమాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు. ఆయన చొక్కా తొడుక్కుని హనుమయ్యగారింటికి వెళ్ళాడు. "ప్రమాణం చేస్తానయ్యా. మీ పద్ధతిలోనే. అడిగినవాళ్ళకి నమ్మకం కుదరాలి కదా" అని చెప్పి వచ్చాడు. వచ్చే శనివారం, ముప్ఫయ్యో తారీకున, పొద్దున పదింటికి, తోటలో. పెద్దమనుషులు నలుగురూ వస్తారట.

నీకు కావలసింది ఇదేగా. మరి నాకెందుకు ఇంత బాధగా ఉందో తెలియదు. డెబ్బై ఏళ్ళు నిలబెట్టుకున్నది మన ఇద్దరి మొహాలు చూసి వదిలేస్తున్నాడు.

ఇంకొకటి. హనుమయ్యగారి తల్లి వెంకాయమ్మగారి పెరటి గుమ్మం దగ్గర నిన్ననే గంటసేపు నిలబడ్డాడట నాన్న. ఆవిడ చూసి కూడా లోపలికి వెళ్ళిపోయిందట. కాపలా పని కోసం ఆవిణ్ణి బతిమాలబోయాడు కాబోలు. విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన చేత ఇంత పని చేయించాం మనం.

రిబ్కా

ఢిల్లీ,
25 జూలై 1977, సాయంత్రం.

అక్కా,

ఇది నాన్నకి పైకి చదువు. ఈసారి దాటెయ్యాల్సింది ఏమీ లేదు.

పొద్దున సూర్యుడు రాకముందే మమ్మల్ని పిలిచారు. హాలు నిండింది. అంత మంది కూర్చున్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మన గుళ్ళో కన్ను మూసినప్పుడు కూడా ఎవరో ఒకరు దగ్గుతారు. ఇక్కడ దగ్గు కూడా లేదు. తలుపు పిడి మీద నా చెయ్యి ఉంది. నా చేతి గడియారం చప్పుడు నాకే వినిపించి, అవతలివాళ్ళకి వినిపిస్తుందేమోనని చెయ్యి జేబులో పెట్టుకున్నాను. మాట ముగిసిందో లేదో బయట తోపులు పేలడం మొదలైంది. ఇరవై ఒక్కటి. లెక్క పెడదామని మొదలుపెట్టి ఏడు దగ్గర తప్పిపోయాను. ఒక మనిషి ఒక్క మాట ఇచ్చినందుకు ఆకాశం దాకా చప్పుడు. మాట అంటే ఇంతుంటుందా అనిపించింది.

అసలు సంగతి ఇది కాదు. మొన్న శనివారం సీతారామారావుగారి బల్ల తుడుస్తుంటే రాజ్యాంగం పుస్తకం తెరిచి ఉంది. రాష్ట్రపతి చదవాల్సిన ప్రమాణం అందులో అచ్చేసి ఉంటుందని చూపించారు. నా ఇంగ్లీషుతో కూడబలుక్కున్నాను. ఒక చోట లైను రెండుగా చీలి ఉంది. పైన ఒకటి, కింద ఒకటి. పైన "దేవుని పేర ప్రమాణం చేస్తున్నాను" అని. కింద "నిష్ఠతో ధ్రువపరుస్తున్నాను" అని. ఇదేంటండీ, అచ్చు తప్పా అని అడిగాను. ఆయన నవ్వి, "తప్పు కాదయ్యా. దేవుడి పేరు చెప్పి ఒట్టు వేసేవాళ్ళకి పై లైను. ఒట్టు వెయ్యను, నా మాటే మాట అనేవాళ్ళకి కింది లైను. ఏది చదివినా కుర్చీ అదే, తోపులూ అవే" అన్నారు.

బల్ల తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను అక్కా. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళు కూర్చుని దేశానికంతా పుస్తకం రాస్తూ, తిరువూరు మామిడితోట కాపలావాడి కోసం ఒక లైను వదిలిపెట్టారు. నాన్న బెట్టు చేస్తున్నాడని రాశాను నేను. ఆయన అడిగింది రాష్ట్రపతికి కూడా ఉన్న హక్కు. తెలియనివాణ్ణి నేను. నాన్న కాళ్ళకి మొక్కానని చెప్పు. ఒట్టు వెయ్యొద్దని చెప్పు. ఆ రెండు లైన్లూ తెలుగులో పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. హనుమయ్యగారికి చూపించు.

కృప

తంతి
ఢిల్లీ, 28 జూలై 1977

ఉత్తరం బయల్దేరింది. అది చదివేదాకా నాన్నను ఆపు. కృప

తిరువూరు,
31 జూలై 1977, ఆదివారం.

నా తమ్ముడు కృపకి,

గుడి నుంచి వచ్చి, తలుపు గడియ పెట్టి, నీకు రాయడానికి కూర్చున్నాను. నిదానంగా చదువు.

నీ తంతి శుక్రవారం అందింది. నాన్నకి చూపిస్తే "ఇచ్చిన మాట, రేపు వెళ్ళాలి" అన్నాడు. శనివారం పొద్దున్నే నేను బడికి సెలవు పెట్టి పోస్టాఫీసు మెట్ల మీద కూర్చున్నాను. బస్సు నుంచి సంచి దిగేదాకా, ఉత్తరాలు వేరు చేసేదాకా పోస్టుమాన్‌ని వదల్లేదు. నీ కవరు చేతికి రాగానే అక్కడే చించి చదివాను. తోట దాకా పరుగెత్తాను. నలభై రెండేళ్ళ మనిషిని, పిల్లలకి నిదానంగా నడవమని చెప్పే పంతులమ్మని, చెప్పులు చేత్తో పట్టుకుని గంపలగూడెం రోడ్డున పరుగెత్తడం ఊరంతా చూసింది.

నేను వెళ్ళేసరికి కాలవ పక్క వరసలో, ఆ నాలుగు చెట్ల కిందే, పీట మీద ఇత్తడి పళ్ళెంలో కర్పూరం పెట్టారు. నలుగురు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. వెంకాయమ్మగారిని నులక మంచం మీద కూర్చోబెట్టారు. నాన్న తలగుడ్డ తీసి భుజాన వేసుకుని నిలబడ్డాడు. అప్పుడే అగ్గిపుల్ల గీశారు.

"ఆగండయ్యా, ఢిల్లీ నుంచి వచ్చింది, ఒక్క మాట చదవనివ్వండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నీ ఉత్తరం చదివాను. నిశ్శబ్దం గురించి, తోపుల గురించి, ఆ పుస్తకంలో రెండు లైన్ల గురించి చదివాను. ఒక్కరూ కదల్లేదు. మన తోటకి కూడా ఆ హాలు వచ్చినట్టయింది. హనుమయ్యగారు ఆ చిన్న కాగితం తీసుకుని రెండుసార్లు చూసుకున్నారు. "రాష్ట్రపతికి చెల్లింది జకరయ్యకి చెల్లకపోవడం ఏముంది? ఒట్టొద్దు. కింది లైను చాలు. నీ మాట చెప్పు జకరయ్యా" అన్నారు. నిజంగా ఆ క్షణాన ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

నాన్న కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత హనుమయ్యగారి మొహంలోకి చూస్తూ, "జకరయ్య అనే నేను నిష్ఠతో చెబుతున్నాను. ఆ కాయ నేను తీయలేదు" అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు.

అందరం చూస్తున్నాం. "రెండో ముక్క కూడా చెప్పు. ఎవరు తీశారో నాకు తెలియదు అను, అయిపోతుంది" అన్నాడు ఒక పెద్దమనిషి. నాన్న నోరు తెరవలేదు. కర్పూరం వెలుగుతూనే ఉంది. అప్పుడర్థమైంది నాకు. ఆయనకి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ప్రభువు వద్దన్నాడని ఆయన చెప్పింది నిజమే, కానీ అదొక్కటే కాదు. ఒట్టుతో అయినా, ఒట్టు లేకుండా అయినా ఆ రెండో ముక్క ఆయన నోటి నుంచి రాదు. కింది లైను సులువనుకున్నాం మనం. అది పై దానికంటే కష్టంరా, అక్కడ మోయడానికి మనిషి ఒక్కడే ఉంటాడు.

"జకరయ్యా, తెలుసా నీకు?" అని హనుమయ్యగారు చాలా మెల్లగా అడిగారు. నాన్న తల దించుకున్నాడు.

అప్పుడు వెంకాయమ్మగారు మంచం మీద నుంచి లేచారు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వచ్చి అరచెయ్యి తిన్నగా కర్పూరం మీద పెట్టేశారు. మంట ఆరిపోయింది.

"నేనురా హనుమయ్యా. నేనే కోయించి పెనుగొలను పంపాను, నీ చెల్లెలికి. పెళ్ళి పందిట్లో మాటా మాటా అనుకుని మీరిద్దరూ గుమ్మాలు మూసుకుని అయిదేళ్ళయింది. మీ నాన్న నాటిన చెట్టు కాయ నా కూతురి నోటికి అందక అయిదేళ్ళయింది. ఎవరికీ చెప్పొద్దని జకరయ్య దగ్గర మాట తీసుకున్నాను. పని పోయినా చెప్పలేదు. మొన్న పెరటి గుమ్మంలో నిలబడితే, మాట తిరిగి ఇమ్మని అడగడానికే వచ్చాడని తెలిసి కూడా లోపలికి పోయాను. సిగ్గు లేనిదాన్ని" అన్నారు.

హనుమయ్యగారు కొయ్యబారిపోయారు. మొట్టమొదట మాట్లాడింది నాన్న. "పెద్దమ్మగారి చెయ్యి కాలిందయ్యా, ముందు వెన్న రాయించండి" అన్నాడు.

సాయంత్రం హనుమయ్యగారు మనింటి అరుగు దాకా వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. పాక తాళంచెవి నాన్న చేతిలో పెట్టి, కాసేపు ఆ చెయ్యి వదల్లేదు. ఆ తరవాత తిన్నగా బస్సు స్టాండుకి వెళ్ళారు. పెనుగొలను వెళ్ళారని ఈ రోజు గుడి దగ్గర విన్నాను.

రాత్రి అన్నం దగ్గర నాన్నని నిలదీశాను. "పొద్దున మంట దాకా వెళ్ళి ఏం చేద్దామనుకున్నావు?" అని. "ఏమో తల్లీ. మీ తలవంపులు ఒక పక్క, ఆవిడకిచ్చిన మాట ఒక పక్క. నా వల్ల కాక, మోకాళ్ళ మీద ప్రభువుకి అప్పజెప్పి వెళ్ళాను" అన్నాడు. ఈ మనిషి ఇంట్లో మనం పుట్టామురా. నాకు అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నీ కాగితం మడిచి తలగుడ్డ మడతలో పెట్టుకున్నాడు. నిన్ను ఒకటి అడగమన్నాడు. ఇంతకీ రాష్ట్రపతిగారు చదివింది పై లైనా, కింది లైనా?

నీ అక్క,
రిబ్కా

ఢిల్లీ,
7 ఆగస్టు 1977.

అక్కా,

నీ ఉత్తరం సీతారామారావుగారికి కూడా చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకోసారి చదవమన్నారు.

నాన్న అడిగినదానికి జవాబు నాకు తెలియదు. హాల్లోనే ఉండి తెలియకపోవడం ఏంటంటావు. ఆ రోజు ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు, సిగ్గేసి. రాష్ట్రపతిగారు లేచి నిలబడగానే నాన్న చెప్పినట్టు నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఈ పెద్దాయన మోయబోయే బరువు నువ్వు ఎత్తుకో అని మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా సాగలేదు. నాకు తెలియకుండానే మా నాన్నకి, మా నాన్నకి అని నోరు అనుకుంటూ పోయింది. కళ్ళు తెరిచేసరికి తోపులు మోగుతున్నాయి.

ఆయన ఏ లైను చదివారో తెలుసుకోవడం కష్టం కాదు. మర్నాటి పేపర్లో ఉండే ఉంటుంది. నేను చూడలేదు. నాన్నకి కావాలంటే వెతికి రాస్తాను.

ఆ ప్రార్థన మాత్రం సగంలో వదిలేశానని చెప్పు. రాష్ట్రపతిగారి వంతు ఇంకా బాకీ ఉంది. రేపు పొద్దున కాపలా కర్ర పట్టుకోబోయే ముందు పాకలో మోకరిస్తాడు కదా, అది నాన్ననే పూర్తి చెయ్యమను.

కృప